సోమవారం నాడు మంగళారం

మా పెద్దమ్మ అనసూయమ్మ ఫోన్లో చెప్పినదాంట్లో నాకు అర్థమైనవి రెండు విషయాలు. పొలం సర్వే సోమవారం. నేను మంగళారం రావాలి. సర్వే అయిపోయిన మర్నాడు నేను వెళ్లి ఎవరిని ఓదార్చాలో తెలియక అదే అడిగాను.

"సోమారం సర్వే అయితె, మంగళారం నేనొచ్చి ఏం జెయ్యాలె పెద్దమ్మా?"

"నువ్వు డిగ్రీ ఎట్ల పాసైనవ్‌రా? మంగళారం అంటె మా ఊరు."

ఆమె ఊరు మొయినాబాద్ మండలంలోని చిన్న మంగళారం. మా వైపు నోళ్లలో మంగళవారం నలిగి మంగళారం అవుతుంది కాబట్టి ఆ ఊరి పేరూ, ఆ రోజు పేరూ ఒకటే. ఊళ్లోవాళ్లకు దీనివల్ల ఎప్పుడూ ఇబ్బంది రాలేదట. వాళ్లు ఊళ్లోనే ఉంటారు కనుక ఎక్కడ అనే ప్రశ్న పుట్టదు. ఇబ్బందంతా బయటి నుంచి వచ్చేవాడిదే. ఇది చదివి ఎవరైనా అటు వెళ్లదలిస్తే ఈ ఒక్క సంగతి ముందుగా తెలుసుకుని బయలుదేరితే మంచిది.

సర్వే ఎందుకో కూడా చెప్పాలి. పెద్దమ్మకూ, ఆమె తోటికోడలు సులోచన చిన్నమ్మకూ ఊరవతల పక్కపక్కనే పొలం, సగం సగం. మధ్యలో గెట్టు ఉండేది, అంటే రెండు చెక్కలను విడదీసే మట్టి కట్ట. ఏటా దున్నేటప్పుడు ఇటు ట్రాక్టరు కొంచెం, అటు ట్రాక్టరు కొంచెం కొరికి గెట్టును తినేశాయి. దాని మీద ఉండాల్సిన బోరూ, బోరుకు కరెంటిచ్చే స్తంభమూ మాత్రం మిగిలాయి. పక్కపక్కనే నిలబడ్డాయి గానీ ఎవరి పొలంలో నిలబడ్డాయో చెప్పేవారు లేరు.

ఆ ఇద్దరికీ మాటలు లేవు. ఎందుకు ఆగాయని అడిగితే చెరో కారణం చెబుతారు. రెండూ విన్నాను. రెండూ నమ్మదగినట్టే ఉన్నాయి. పది రోజుల కిందట చిన్నమ్మ బోరు తనదంటూ, స్తంభానికి బిగించిన మోటారు స్టార్టర్ డబ్బాకు తాళం వేసింది. పెద్దమ్మ ఒకరి తాళం పగలగొట్టే మనిషి కాదు. పక్కన తనదీ ఒకటి వేసింది. ఇక మోటారు నడవాలంటే ఇద్దరూ రావాలి, ఇద్దరూ రారు. అటు చిన్నమ్మ కొత్తిమీర వాడిపోతోంది, ఇటు పెద్దమ్మ క్యారెట్ ఎండుతోంది. కొత్తిమీర మళ్లీ చల్లుకోవచ్చు. క్యారెట్‌కు ఈ వారం తడి అందకపోతే గడ్డ ఊరదు, పెద్దమ్మకు ఈసారి పంట అంటే ఆ క్యారెట్ ఒక్కటే.

బోరు ఎవరిదో ఆకాశంలోని ఉపగ్రహాలు తేల్చాలని నిర్ణయమైంది. నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివి బీమా ఆఫీసులో పనిచేస్తున్నాను. ఈ రెంటికీ సంబంధం ఉందని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. అయినా మా బంధువుల్లో లైటు వెలిగే వస్తువు ఏదైనా నా శాఖ కిందికే వస్తుంది. ఉపగ్రహాలు మోసం చేయకుండా చూసుకోవడం నా బాధ్యత.

సోమవారం ఉదయం ఆరున్నరకు మెహదీపట్నంలో చేవెళ్ల బస్సు ఎక్కాను. మొయినాబాద్ దాకా టికెట్ ముప్పై చిల్లర. ఆడవాళ్లకు ఉచితం కనుక పక్క సీటు ఆమెకు సున్నా టికెట్. ఆమె నా టికెట్టును కాసేపు జాలిగా చూసి, నా చేతిలోని ఫోను వైపు తిరిగింది.

"అండ్ల చూసి చెప్పు బిడ్డా, బస్సు ఏడికొచ్చింది?"

కిటికీ పక్కన కూర్చున్నది ఆమే. అయినా చూసి చెప్పాను. లంగర్‌హౌజ్ దాటామని మ్యాపులో ఉంది. ఆమె కిటికీలోంచి చూసి, ఫోను నిజమే చెబుతోందని ఒప్పుకుంది. ఫ్లైఓవర్ కింద ఒక్క క్షణం మా నీలి చుక్క పక్క వీధిలోకి దూకి, కొందరి ఇళ్లలోంచి నడిచి, తిరిగి రోడ్డెక్కింది.

"గిదేంది, ఇండ్లళ్ల వడి పోతున్నది?"

"పైన కాంక్రీటు అడ్డమొచ్చిందమ్మా. శాటిలైట్ మాట సక్కగ వినవడ్తలేదు. గోడలకు తగిలి ఒస్తున్నది."

"మరి అదేం జేస్తది?"

"అందాజగ చెప్తది."

"మా ఆయన లెక్క," అని ఆమె కళ్లు మూసుకుంది.

అజీజ్‌నగర్ దాటాక ఎండ వచ్చింది. ఏడున్నర దాటిన తర్వాత మొయినాబాద్‌లో దిగాను. ఇంజనీరింగ్ కాలేజీ బస్సులు వరుసగా పోతున్నాయి. రోడ్డు పక్క బండి దగ్గర నాలుగు ఇడ్లీలు, ఒక చాయ్. తిన్నాక ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు పేరు అఫ్సర్. ఊరి పేరు చెప్పకుండా దర్జాగా, "దారి నేను చూపిస్త, పోనియ్," అన్నాను. ఆ ఊరు నేను వెళ్లింది చిన్నప్పుడే, దారి గుర్తులేదు; అందుకే ముందు రాత్రే మైకు బొమ్మ నొక్కి "పెద్దమ్మ మంగళారం" అని ఫోనుకు చెప్పి, అది చూపిన చుక్కను దాచుకున్నాను.

అఫ్సర్ మాటకారి. తన బిడ్డ స్కూలు బస్సు ఎక్కడుందో భార్య ఫోన్లో కనిపిస్తుందని చెప్పాడు. అట్లాంటి జీపీఎస్సే టమాటా లారీలకు పెట్టారని, అంబులెన్సుకు పెట్టారని, ఒక ఫామ్‌హౌస్‌లో కుక్క మెడకు కూడా పెట్టారని చెప్పాడు.

"కుక్క ఏడున్నదో ఆ సేటుకు బొంబాయిల కూసోని తెలుస్తది సార్. వాచ్‌మన్ ఏడున్నడో ఎవలికి తెల్వది."

పొలాల మధ్య నుంచి పోతుంటే గమ్యం చేరుకున్నారని ఫోను ప్రకటించింది. దిగాను. పెద్దమ్మ ఇల్లుండాల్సిన చోట ఒక కిరాణా కొట్టు ఉంది. దాని ముందు తువ్వాలు కప్పుకున్న పెద్దాయనను అనసూయమ్మ గారి ఇల్లెక్కడని అడిగాను.

"నీకు ఏ మంగళారం గావాలె?"

"ఇది ఏది?"

"ఇది పెద్ద మంగళారం."

అప్పుడు తెలిసింది. నేను చెప్పిన "పెద్దమ్మ మంగళారం"లో "మ్మ"ను ఫోను అనవసరమనుకుని వదిలేసింది. ఉపగ్రహాల తప్పేమీ లేదు. ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి అవి నన్ను సరిగ్గా, అడుగు కూడా తేడా లేకుండా, పొరపాటు ఊరికి చేర్చాయి.

"నీకు తెల్వదా అన్నా?" అని అఫ్సర్‌ను అడిగాను.

"తెల్సు సార్. మీరు ఫోన్ చూస్తుండ్రు, నేను మిమ్మల్ని చూస్తున్న. పెద్ద మంగళారమే పోవాలనుకున్నరేమో అని గమ్మునున్న."

చిన్న మంగళారానికి అదనంగా వంద తీసుకున్నాడు. న్యాయమే అనిపించింది. చేరేసరికి తొమ్మిది దాటింది.

పెద్దమ్మ జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టి, నేను తింటున్నంతసేపూ ఎదురుగా నిలబడింది. సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం పొలం ఆ చివరికి వినిపిస్తుంది. సర్వేయరు ఎనిమిదికే రావాలట, రాలేదట. పేరు యాదగిరి, ఉండేది చేవెళ్లలో. నంబరు తీసుకుని నేనే ఫోన్ చేశాను.

"అన్నా, నువ్వింక రాలే."

"ఏడికి?"

"మంగళారం."

"మంగళారం వస్త అన్న గద. ఇయ్యాల సోమారం."

"మంగళారానికి సోమారం రావాలె."

 "ఎవలు మాట్లాడేది?" అన్నాడు, జాగ్రత్తగా.

విడమర్చి చెప్పాక అతని వైపు కథ బయటపడింది. ఏ ఊరని అడిగితే పెద్దమ్మ మంగళారం అంది. అది రోజు, ఊరు చెప్పమ్మా అన్నాడు. ఎన్నిసార్లు చెప్పాలె అని ఆమె ఫోన్ పెట్టేసింది. మంగళవారం పొద్దున లేచి, అప్పుడు మళ్లీ ఫోన్ చేసి ఊరు కనుక్కుందామని అతను నిమ్మళంగా ఉన్నాడు. ఇప్పుడు రమ్మంటే వస్తాడు గానీ సామాను పట్టుకోవడానికి మనిషి లేడు. చేవెళ్లకు ఎవరైనా వస్తే బండి మీద కలిసి రావచ్చు.

ఎవరైనా అంటే నేనే. అఫ్సర్ ఇంకా వెళ్లలేదు. ఇట్లాంటిదేదో జరుగుతుందని ఊహించినట్టు ఆటోలో పేపరు చదువుతున్నాడు. రోడ్డు దాకా దింపాడు. అక్కడ చేవెళ్ల బస్సు దొరికింది, కిటికీ సీటు కూడా.

అప్పుడు కొంచెం ఆలోచించే వ్యవధి దొరికింది. ఉపగ్రహం మనను చూస్తుందని చాలామంది అనుకుంటారు. అది ఎవరినీ చూడదు. దాంట్లో ఒక గడియారం ఉంటుంది, చాలా ఖచ్చితమైనది. తాను ఎక్కడున్నదీ, ఇప్పుడు సమయం ఎంతైందీ, ఈ రెండే అది పొద్దస్తమానం చెబుతుంది. ఆ మాట మన ఫోను చేరేసరికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. ఎంత ఆలస్యమైందో కొలిచి, వెలుతురు వేగంతో హెచ్చిస్తే ఆ ఉపగ్రహం ఎంత దూరమో తెలుస్తుంది. అట్లా కొన్నింటి దూరాలు తెలిస్తే మనం ఎక్కడున్నామో ఫోనే లెక్క కట్టుకుంటుంది. అంటే పైనుంచి వచ్చేది సమయం, ఫోను దాన్ని ఊరుగా మార్చుకుంటుంది. పెద్దమ్మ చెప్పింది ఊరు, సర్వేయరు దాన్ని సమయంగా మార్చుకున్నాడు. లెక్క ఒకటే, అటు నుంచి చేశాడంతే. అతని మీద కోపం తగ్గింది.

చేవెళ్లలో దిగేసరికి పదకొండు కావొస్తోంది. యాదగిరి బస్టాండు ఎదుట హోటల్లో చాయ్‌లో బిస్కెట్ ముంచుతున్నాడు. ముప్పై దాటిన మనిషి, నల్ల కళ్లద్దాలు. కుర్చీ మీద పక్కన పసుపు పెట్టె. దానిమీద ఎవరినీ చెయ్యి పెట్టనివ్వడం లేదు.

"ఇది చంటిపిల్ల సార్," అన్నాడు. "కింద పడితె నేను ఖతం."

తిరుగు ప్రయాణం అతని బైకు మీద. పెట్టె అతని ముందు, మూడు కాళ్ల స్టాండు నా ఒళ్లో అడ్డంగా, పొడుగాటి కర్ర నా చేతిలో నిటారుగా. దారిలో ఎదురైనవాళ్లు మమ్మల్ని చూసి పక్కకు తప్పుకున్నారు. మామూలు ఫోను నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చెబుతుందని, తన మిషను వేలి వెడల్పు లోపల చెబుతుందని గాలిలో అరుస్తూ చెప్పాడు. ఎట్లా అని అడిగాను.

"ఖరీదు సార్," అన్నాడు.

పన్నెండున్నరకు పొలం చేరాం. అక్కడ సభ సిద్ధంగా ఉంది. ఇటు చివర పెద్దమ్మ, కొంగు నెత్తిన వేసుకుని. అటు చివర సులోచన చిన్నమ్మ, నల్ల గొడుగు కింద. బోరు దగ్గర చిన్నమ్మ భర్త, మా చిన్నాయన. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. ఈసారి సర్పంచ్‌గా నిలబడే ఆలోచనలో ఉన్నాడు. భార్య ఓటూ కావాలి, వదిన ఓటూ కావాలి. అందువల్ల బోరు విషయంలో ఆయన ఇంతవరకు ఒక్క అభిప్రాయం కూడా వెలిబుచ్చలేదు.

మిషను తీసేలోగా నేను ఊరికే నా ఫోను తీసి బోరు పక్కన నిలబడ్డాను. నీలి చుక్క పెద్దమ్మ క్యారెట్‌లో కనిపించింది.

"చూసినవా, నా దిక్కే," అంది పెద్దమ్మ.

నేను కదలలేదు. చుక్క కదిలింది. చిన్నమ్మ కొత్తిమీరలో నిలబడింది.

"రెండూ కరెక్టే," అన్నాడు చిన్నాయన.

యాదగిరి ఊరి మొదట్లో ఉన్న పాత సర్వే రాయి మీద మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, ఒక మిషను బిగించి వచ్చాడు. రెండోది పుట్టగొడుగులా కర్ర కొసన తగిలించాడు. ఆ రాయి అసలు ఎక్కడుందో లెక్క ముందే తెలుసు. ఉపగ్రహాల మాట గాలిలో, మేఘాల పైన, కొంచెం వంకర తిరిగి వస్తుంది. రాయి మీది మిషనూ, కర్ర మీది మిషనూ దగ్గరలోనే ఉంటాయి కాబట్టి రెండూ ఒకే అబద్ధం వింటాయి. మొదటిదానికి నిజం ముందే తెలుసు. కాబట్టి అబద్ధం ఎంతో తీసివేసి రెండోదానికి రేడియోలో చెబుతుంది. నాకు ఇది చాలా అందమైన ఏర్పాటుగా తోచింది. పెద్దమ్మకు చెబితే, "ఒక అబద్ధాన్ని ఇద్దరు వింటె నిజమైతదా?" అని అడిగింది. తీసివేత సంగతి మళ్లీ చెప్పాను. మళ్లీ అదే అడిగింది. ఆ తర్వాత నాకే కొంచెం అనుమానం మొదలైంది.

మూల రాయి దగ్గర పని ఆగిపోయింది. అక్కడ ఒక గుబురు వేప చెట్టు ఉంది. ఆకుల కింద మిషను సరిగ్గా వినలేక లెక్క తేల్చడం లేదు. తెర మీద "ఫ్లోట్" అని పడుతోంది. "ఫిక్స్" అని పడేదాకా కర్ర కదపకూడదన్నాడు యాదగిరి. కర్ర నాకిచ్చి తాను నీడలో కూర్చున్నాడు. ఎదురు చూస్తుంటే పెద్దమ్మ దగ్గరికొచ్చింది.

"గది మన పొలాన్ని పైకెల్లి చూస్తున్నదా?"

"చూడది పెద్దమ్మా. టైం చెప్తది, అంతే. ఇప్పుడు మొయినాబాద్‌ల ఒకడు, చేవెళ్లల ఒకడు, పెద్ద మంగళారంల ఒకడు నిలవడి, సరిగ్గ ఆరింటికి 'ఆరైంది' అని ఒర్లిండ్రనుకో. ఎవని కేక ఎంత ఆలస్యంగ వినవడ్తె వాడు అంత దూరమున్నట్టు."

"మొయినాబాద్‌ల ఒర్లితె మనకెట్ల వినవడ్తది?"

"అనుకో."

"ఎందుకనుకోవాలె?"

"సరే, వినవడ్డది. ముగ్గురి దూరం తెలుస్తె నువ్వేడున్నవో తెలుస్తది. కని నాలుగోవాడు గూడ ఉండాలె."

"వాడెందుకు?"

"నీ గడియారం తప్పు కాబట్టి."

"నా గడియారం మంచిగనే నడుస్తది," అని పెద్దమ్మ గోడగడియారం ఎదురుగా ఉన్నట్టే ఇంటి వైపు చూసింది.

పైన ఉన్న గడియారాలు మన గడియారాల కంటే రవ్వంత ముందుకు పోతాయనీ, ఆ తేడాను లెక్కలో సరిచేయకపోతే రోజు తిరిగేసరికి కిలోమీటర్ల కొద్దీ తప్పు వస్తుందనీ కూడా చెబుదామనుకున్నాను. ఆ సవరణే లేకపోతే నేను పెద్ద మంగళారం కూడా చేరి ఉండేవాణ్ని కాదు. కానీ ఆమె ముఖం చూసి ఆపుకున్నాను.

అటు పక్క గొడుగు కింద నుంచి చిన్నమ్మ గొంతు లేచింది. ముఖం ఆకాశం వైపే ఉంది.

"కొందరు చుట్టాలను పట్నంకెల్లి పిలిపిచ్చుకుంటరు, మిషను తమ దిక్కు వంగుతదని."

పెద్దమ్మ కూడా పైకి చూసింది.

"కొందరికి మిషనంటె భయం. గొడుగు చాటున నిలవడ్తరు."

"ఎండ కొడ్తె గొడుగు పడ్తరు. తెలివున్నోళ్లు."

"తెలివుంటె తాళమెందుకేస్తరు?"

"తాళం మీద తాళం ఏసుడు ఏం తెలివో."

నేను కర్ర కదపకుండా విన్నాను. ఇద్దరూ ఎవరికీ చెప్పడం లేదు. పైకి వదిలేస్తున్నారు, అందుకోదలచినవాళ్లు అందుకుంటారని. ఉపగ్రహాలు సరిగ్గా ఇదే పని చేస్తాయని నాకు అంతకుముందు తట్టలేదు. అవి నాలుగైనా ఉంటాయి. ఇక్కడ ఇద్దరే ఉన్నారు, అందుకే ఎవరెక్కడున్నారో తేలడం లేదేమో. చిన్నాయన రెండు వైపులా చూసి తల ఊపుతున్నాడు.

"ఫిక్స్ పడ్డది," అని యాదగిరి లేచాడు.

తర్వాత పని చకచకా సాగింది. నాలుగు మూలల రాళ్లూ పట్టుకున్నాడు. మధ్య గీత ఎక్కడ రావాలో తెరలో చూసుకుంటూ, కర్రతో అడుగు ముందుకు, అరడుగు పక్కకు జరుగుతూ మేకులు కొట్టాడు. మేకు నుంచి మేకుకు సున్నం పోసుకుంటూ రమ్మన్నాడు. సున్నం డబ్బా నాకొచ్చింది. గీత బోరును సమీపిస్తుంటే అందరూ దగ్గరికి జరిగారు. పెద్దమ్మ కొంగు కొసను వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్లీ చుట్టుకుంటోంది.

గీత బోరుకు ఇటు నుంచి పోయింది. రెండు జానల తేడాతో బోరు చిన్నమ్మ పొలంలో ఉంది.

పెద్దమ్మ క్యారెట్ వరుసల వైపు చూసింది. ఆకులు నేల మీద పడుకుని ఉన్నాయి.

"నేను మొదటికెల్లి చెప్తనే ఉన్న," అంది చిన్నమ్మ ఆకాశానికి. గొడుగు మూసేసింది.

"ఆగమ్మా, ఇంక గాలే," అన్నాడు యాదగిరి. గీత ఇంకా పోవాలి. నేను సున్నం పోస్తూనే ఉన్నాను. బోరు దాటాక నాలుగడుగుల్లో స్తంభం. పాత గెట్టు బహుశా వంకరగా ఉండేది. కొత్త గీత తిన్నగా ఉంది. అది స్తంభానికి అటు నుంచి పోయింది. స్తంభమూ, స్టార్టర్ డబ్బా, దాని రెండు తాళాలూ పెద్దమ్మ పొలంలో తేలాయి.

యాదగిరి తెర చూసి, గీత చూసి, కళ్లద్దాలు తీసి మళ్లీ చూశాడు.

"బోరు వాళ్లది. కరెంటు మీది."

"ఇద్దరూ గెలిచిండ్రు," అని చిన్నాయన చప్పట్లు కొట్టాడు. ఎవరూ కలవకపోయేసరికి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

పెద్దమ్మకు ఊపిరి తిరిగొచ్చింది. "నీళ్లున్నోళ్లు చేదుకోమను," అంది పైకి చూస్తూ. "బొక్కెన లేకపోతె పంపిస్త."

"కరెంటున్నోళ్లు కరెంటే పారిచ్చుకోమను, క్యారెట్‌కు."

నాకు మాత్రం పాలుపోలేదు. వేలి వెడల్పు కూడా తప్పు లేకుండా కొలిచాం. కొలవకముందు ఎవరిదో తెలియని బోరు ఒకటే ఉండేది; కొలిచాక తెలిసిన తగాదాలు రెండయ్యాయి. మిషను ఇంతకంటే చెప్పదా అన్నట్టు యాదగిరి వైపు చూశాను. అతను దాన్ని మెత్తటి గుడ్డలో చుడుతున్నాడు.

"అన్నానికి వస్త అని చెప్పిన సార్ ఇంట్ల," అన్నాడు.

చిన్నమ్మ బోరు పైపు మీద చెయ్యి వేసి గీత దగ్గరే నిలబడి ఉంది. తనదని తేలిన దాన్ని తాకి చూసుకుంటోంది. ఇంకేం అనాలో వెతుక్కుంటున్నట్టు ఆకాశం వైపే చూస్తోంది. పెద్దమ్మ కూడా పైకి చూడబోయి, మధ్యలో ఆగి, కిందికి చూసింది.

"సులోచనా," అంది. "చీమల పుట్ట మీద నిలవడ్డవ్. జరుగు."

మామూలు గొంతుతోనే అంది, రోజూ మాట్లాడుతున్నట్టు. అన్నాక తానే ఉలిక్కిపడింది. చిన్నమ్మ కాళ్ల వైపు చూసుకుంది. ఎర్రచీమలు పాదాల మీది నుంచి చీర అంచు దాకా ఎక్కాయి. ఇంతసేపూ కుడుతూనే ఉండాలి. వెనక బోరు, పక్కన ముళ్లకంప. జరగడానికి ఒకటే దిక్కు. సున్నం గీత దాటి ఒక అడుగు ఇటు వేసింది.

పెద్దమ్మ వంగి కొంగుతో ఆమె పాదాలు దులిపింది. గట్టిగా, కొడుతున్నట్టే దులిపింది.

"ఎప్పటిసంది కుడ్తున్నయే?"

"బోరు నాదని తేలినప్పటిసంది," అంది చిన్నమ్మ.

చిన్నాయన మాట్లాడబోయాడు. ఇద్దరూ ఒకేసారి ఆయన వైపు చూశారు. ఆయన మానుకున్నాడు.

నేను బయలుదేరేసరికి తాళాలు తాళాలుగానే ఉన్నాయి. ఇద్దరూ స్తంభం నీడలో, ఉన్న కొద్దిపాటి నీడలోనే, ఇరుక్కుని కూర్చున్నారు. చిన్నమ్మ పాదాలకు పెద్దమ్మ ఏదో ఆకు రసం పిండుతోంది. వెళ్తానంటే వినిపించుకోలేదు. మాట కలిస్తే తాళం తీస్తారని నాకేమీ నమ్మకం కలగలేదు. పాదాలు దులపడం వేరు, బోరు వేరు. అడగడానికి ధైర్యం చాలక యాదగిరి బండెక్కాను.

మొయినాబాద్ రోడ్డు మీద అతను నన్ను దింపేసరికి నాలుగున్నర. ఆకలి సంగతి అప్పుడు గుర్తొచ్చింది. రెండు సమోసాలు, ఒక చాయ్. మెహదీపట్నం బస్సు ఐదుకు వచ్చింది. కాలేజీ పిల్లలతో నిండి ఉంది. నిలబడే ప్రయాణం. అందరి చేతుల్లోనూ ఫోనులు, ప్రతి ఫోనులోనూ ఒక నీలి చుక్క. ఏ చుక్కకూ తన మీద నిలబడిన మనిషి ఎందుకు అక్కడ నిలబడ్డాడో తెలియదు. రోజంతా తిరిగి నేను పోగు చేసుకున్నది ఇంతే. ఇది తెలుసుకోవడానికి ఒక పొరపాటు ఊరు, ఒక పొరపాటు రోజు, మూడు బస్సులు, ఒక ఆటో, ఒక బైకు కావలసి వచ్చాయి. మీరు వెళ్తే ఇంతకంటే తక్కువలో అవుతుందనుకుంటాను.

అప్పా జంక్షన్ దగ్గర బస్సు నెమ్మదించినప్పుడు పెద్దమ్మ ఫోన్ చేసింది.

"ఏడిదాంక వొయినవ్?"

"అప్పా జంక్షన్. నువ్వెక్కడున్నవ్ పెద్దమ్మా?"

"పొలంల."

ఆమె వెనక ఏదో హోరు వినిపిస్తోంది. మొదట మా బస్సు చప్పుడే అనుకున్నాను. బస్సు ఆగాక కూడా అది ఆగలేదు. ఇంతలో ఇంకో గొంతు, దగ్గర నుంచే.

"అక్కా, ఈ సాలు నిండింది. నీ దిక్కు ఇంకో సాలుకు మలుపనా, నా కొత్తిమీరకు ఇడువనా?"

"మలుపు, మలుపు. ఆ మూల ఎండింది సూడు. పార అందుకో," అంది పెద్దమ్మ, నాకు కాదు.

ఫోను పెట్టేయడం మర్చిపోయింది. నేనూ పెట్టలేదు. ఒక చేత్తో పైకడ్డీ పట్టుకుని, ఫోను చెవికి ఆనించి, లంగర్‌హౌజ్ దాకా క్యారెట్‌కు నీళ్లు పారడం విన్నాను.